కొన దాటిన ఇత్తడి

ముట్టుకోకూడదు. గంటసేపు ఆ పెట్టెల జోలికి పోకూడదు. వేడి తగ్గకుండా పెట్టె విప్పినవాళ్ల కథలు ఈ కార్ఖానాలో కోకొల్లలు, అన్నీ ఒకేలా ముగుస్తాయి, పగుళ్లతోనూ తిట్లతోనూ. అందుకే కొయ్యక్క తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, గోడవార స్టూలు మీద కుక్కిన పేనులా కూర్చుంది. ఎదురుగా నల్ల ఇసుక పరిచిన నేల మీద ఎనిమిది ఇనప పెట్టెలు. ఒక్కో పెట్టె నెత్తిన ఉన్న కన్నంలో ఇత్తడి ఎరుపు వదిలేసి మొహం ముడుచుకుంటోంది. ఆ ఎనిమిదింటి కడుపులో ముప్పై రెండు చదరంగం పావులున్నాయి, లేదా ముప్పై రెండు ఇత్తడి ముద్దలున్నాయి, లేదా ముప్పై ఒక్క పావులూ ఒక ముద్దా ఉన్నాయి. ఆ మూడోదే ఆవిడ భయం. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ఇక్కడ కొయ్యతో నమూనాలు చెక్కుతోంది, వాటిని ఇసుకలో ఒత్తి ఇంకెవరో లోహం పోస్తారు, గిలకలు, కవాటాలు, పంపుల మూతలు, అన్నీ ఎవరో గీసిచ్చిన గీతల ప్రకారం. ఇవాళ తను గీసింది తనే చెక్కింది, తనే ఇసుకలో ఒత్తింది, తనే పోసింది. గడియారంలో రెండూ పది. మూడూ పదికి విప్పాలి.

అవతల కొలిమి పక్కన, బోర్లించిన బకెట్టు మీద పెద్దాయన కూర్చుని అగ్గిపుల్లతో గోళ్లలో ఇసుక తీసుకుంటున్నాడు. ఈ ఇత్తడి గదిలో ముప్పై నాలుగేళ్లుగా పోత పోస్తున్నది ఆయనే. అందరికీ పెద్దాయన, ఆవిడకి మాత్రం బాబాయ్. చుట్టరికమేమీ లేదు, మధ్యాహ్నం అన్నాల వేళ పద్దెనిమిదేళ్లపాటు చదరంగంలో తనని ఓడించిన మనిషిని ఏదో ఒక వరస పెట్టి పిలవకపోతే బావుండదు కదా. ఇవాళ్టితో ఆయన ఉద్యోగం సరి, సోమవారం నుంచి రాడు. ఆయన లేకపోతే గది కూడా లేనట్టేనని అందరూ అనుకున్నారు. ఇనుము పోసే పెద్ద షెడ్డు ఎలాగూ ఉంది, చిల్లర ఇత్తడి పనికి వేరే గది దేనికని నెల కిందటే సూపర్వైజరు కొత్త తాళం కప్ప తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. దాన్ని చూడగానే, ఏం చెయ్యాలో కొయ్యక్కకు తెలిసేలోపు నోటికి తెలిసిపోయింది. "ఆ గది నేను చూసుకుంటాను సార్." సూపర్వైజరు నవ్వాడు. చెడ్డవాడు కాదు, నవ్వు ఆయనకో అలవాటు. "నువ్వు కొయ్య మనిషివి కదమ్మా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" "కంద ఎటూ నోరు విప్పదు సార్, కత్తిపీటైనా మాట్లాడాలి కదా." ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట, ఇప్పటికీ తెలీదు. ఆయన తాళంచెవిని బల్ల మీద కాసేపు గిరగిరా తిప్పాడు. "సరే, ఒక్క పోత పోసి చూపించు. నీకిష్టమైందే పోసుకో. కానీ ఒక్కటి కూడా చెడకూడదు, చెడిందంటే పైవాళ్లకి నేను చెప్పుకోలేను." ఒక్క శనివారం, ఒక్క మూసెడు ఇత్తడి. ముప్పై రెండుకి ముప్పై రెండూ నిలిస్తే గది ఆవిడది. ముప్పై ఒకటి నిలిస్తే తాళానిది.

ఇష్టమైందే పోసుకోమంటే ఆవిడ ఏం పోస్తుంది? నమూనాలు అప్పటికే బల్ల కింద గోనెసంచిలో ఉన్నాయి, ఆర్నెల్లుగా దొంగచాటుగా చెక్కుతున్నవి, పెద్దాయన వెళ్లిపోయే రోజున ఇద్దామని. పద్దెనిమిదేళ్లు ఆడారు, అట్టముక్క మీద సుద్దతో గళ్లు గీసుకుని, నట్లూ బోల్టులతో. పెద్ద నట్టు రాజు, పొడుగు బోల్టు మంత్రి, వాషర్లు బంట్లు, మిగతావన్నీ బోల్టులే, కాస్త పొట్టీ కాస్త పొడుగూ. ఇరవై ఎత్తులు వేసేసరికి ఏది శకటో ఏది గుర్రమో ఇద్దరికీ గుర్తుండేది కాదు, అక్కడే వచ్చేది తంటా. "అది గుర్రం కాదమ్మాయ్, శకటు." "ఇందాక గుర్రంలాగే దూకిందిగా బాబాయ్." "ఇందాక నువ్వు తప్పు దూకించావు, నేను పెద్దమనసుతో ఊరుకున్నాను." రాజుకి ముప్పొచ్చినప్పుడు ఆయన ఆ మాట పైకి అనడు, అన్నం గిన్నె మూత పెట్టేస్తూ "చూసుకో" అంటాడు అంతే, ఆ మూత చప్పుడుకే ఆవిడకి సగం బలం పోయేది. అట్టముక్కలు ఎన్ని మారాయో లెక్కలేదు. ఒకసారి వానకి తడిసి ఆట మధ్యలో రాజున్న గడే ఊడి వచ్చింది, "ఇప్పుడు నా రాజు ఎక్కడున్నట్టు?" అని ఆవిడ అడిగితే, "గాల్లో ఉన్నాడు, ఓడిపోయినట్టే" అన్నాడాయన. ఆ రోజే అనుకుంది, ఈ మనిషికి తిరుగులేని పావులు చేసివ్వాలని, ఏది గుర్రమో కళ్లు మూసుకున్నా తెలిసేలాంటివి, గుర్రాన్ని శకటని బుకాయించడానికి వీల్లేనివి.

రెండూ పద్దెనిమిది. ఒకటో పెట్టె మీద పొగ ఆగిపోయింది. అటు చూడకు, దాని సంగతి తరవాత. మొదట మనుషుల్ని చెక్కింది కదూ, బంట్లుగా కార్ఖానా పనివాళ్లు ఎనిమిది మంది, ఎవరి మొహం వాళ్లకి. వారం రోజులు కూర్చుని చెక్కి వరసగా నిలబెడితే ఎనిమిదీ ఎనిమిది బంగాళాదుంపలు. మొగుడు ఒకదాన్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది మీ సూపర్వైజరే కదూ, అచ్చు దిగిపోయాడు" అన్నాడు, ఎనిమిదో మొహం తోచక ఆవిడ చెక్కింది ఆ మొగుడి మొహమే. వాటిని చెత్తలో పారేసి పది రోజులు ఉలి పట్టుకోలేదు. మొహాలు తన చేతికి రావని ఒప్పుకోవడానికి పట్టిన పది రోజులు అవి. పదకొండో రోజు మధ్యాహ్నం ఆటలో, పెద్ద షెడ్డు గుమ్మం దగ్గర, అట్టముక్క మీద నీడ పడింది. తలెత్తి చూస్తే క్రేను. పైన పట్టాల మీద ముందుకు రెండు బారలు జరిగింది, ఆగింది, ఒక బార పక్కకి వెళ్లింది, కింద పనిచేస్తున్నవాళ్ల నెత్తుల మీదుగా, ఎవర్నీ తగలకుండా, ఎవర్నీ లెమ్మనకుండా. దాని కొక్కెం మెడ వంచి వేలాడుతోంది. ముందుకి రెండు, పక్కకి ఒకటి, అందరి మీదుగా. కొయ్యక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది, పెద్దాయన ఈలోగా ఆవిడ మంత్రిని తినేశాడు, తింటే తిన్నాడు, ఆ రోజు ఓడిపోయి ఇంటికి వెళుతూ ఆవిడ నడిచిందని చెప్పడానికి లేదు, ఎగిరింది.

గుర్రం, ఆ క్రేను కొక్కెం, దొరికాక మిగతావి వాటంతట అవే వచ్చి వరసలో నిలబడ్డాయి. రాజు అంటే కొలిమి, ఇంకెవరవుతారు, అడుగు తీసి అడుగు వెయ్యడానికే కష్టం, కానీ చుట్టూ ఉన్నవాళ్లందరి పనీ ఆయన ఆరిపోకుండా చూసుకోవడమే. మంత్రి అంటే మూస, లోహం కరిగే ఆ మట్టి పాత్ర, అన్ని దిక్కులకీ అదే వెళ్లాలి, అది తిరగని మూల ఉండదు. ఏనుగు పొగగొట్టం, నిటారుగా, వంకర మాటే లేకుండా. శకటు మాత్రం నవ్వుతూ చెక్కింది, ఇసుక తోసే ఒంటి చక్రం బండి. దాన్ని తిన్నగా తోసినవాడు ఇంతవరకు పుట్టలేదు, ఎంత బలంగా తోస్తే అంతగా మూలకే లాగుతుంది, దానికన్నా ఐమూలగా నడిచేది ఈ లోకంలో ఏముంది? బంటు దిమ్మిస, పెట్టెలో ఇసుక గట్టిపడేలా కూరే పొట్టి రోకలి. కార్ఖానాలో ఎవరు చేరినా మొదట చేతిలో పెట్టేది అదే, ముందుకి ఒక్కో పోటే, వెనక్కి లేదు. దిమ్మిసతో చేరి మూస దాకా వచ్చినవాడు ఆ గదిలో ఒక్క పెద్దాయనే, బంటు చివరి గడి చేరి మంత్రి అవడమంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సగం పావులకి మెరుగు పెట్టి, మిగతా సగానికి నూనె రాసి సెగ మీద నల్లబరిస్తే రెండు సేనలు. రాత్రి కలలో కూడా అవి గళ్ల మీద నిలబడి కనిపించేవి, పొద్దున లేచి చూస్తే ఇంకా కొయ్యముక్కలే, అయినా ఆర్నెల్లు ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నవ్వుకుంటూ తిరిగింది, చూసినవాళ్లకి అనుమానం వచ్చేలా.

ఆ పావుల కోసం చేసిన గళ్ల పలక సంగతి తలుచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతాయి. నమూనాలు చెక్కేవాళ్ల స్కేలు అందరి స్కేలు లాంటిది కాదు. కరిగిన ఇత్తడి చల్లారితే కుంచించుకుపోతుంది, అడుగుకి అంగుళంలో ఐదోవంతు దాకా, అందుకని నమూనాని ఆ మేరకు పెద్దదిగా చెక్కాలి, ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా వాళ్ల స్కేలు మీద అంగుళాన్నే కాస్త సాగదీసి గీస్తారు. పద్దెనిమిదేళ్లు ఆ స్కేలుతో బతికిన మనిషి ఇంటికొచ్చినా దాంతోనే కొలుస్తుంది. ఆవిడ కొలిచి కుట్టించిన కర్టెన్లు నేల ఊడుస్తాయి, ఆవిడ కోసిన అలమర అర గూట్లో దూరదు. మొగుడేమో మంచాలూ బీరువాలూ చేసే వడ్రంగి, మామూలు అంగుళం మనిషి. పలక తను చేస్తానంది, చుట్టూ చట్రం ఆయన చేస్తానన్నాడు, పదహారు అంగుళాలకి పదహారు అంగుళాలని ఇద్దరూ ఒక్కమాట అనుకున్నారు, ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకుని పని చేశారు. తెల్ల కొయ్యా నల్ల కొయ్యా ముక్కలు అతికి, వెంట్రుక కూడా దూరకుండా అరవై నాలుగు గళ్లు కూర్చి ఆవిడ పలక తెచ్చి చట్రంలో పెడితే, పావంగుళం బయట. ఆయన పలకని చూశాడు, చట్రాన్ని చూశాడు, ఆవిడ జేబులోంచి తొంగిచూస్తున్న స్కేలుని చూశాడు. "మనకి పెళ్లై ఇరవై రెండేళ్లని నేననుకుంటున్నాను, నీ స్కేలు ప్రకారం ఎన్నేళ్లు?" కొయ్య కుంచించుకుపోదు కదా, పోత పోసే వస్తువు కానిదానికి పోత స్కేలు వాడటం నమూనాలు చెక్కేవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తెలివితక్కువ పని. పలక అంచులు గీకేస్తానని ఆవిడ ఏడుపు మొహంతో అంటే, "గీకితే అంచు గళ్లు చిన్నబోతాయి" అని ఆయన ఆ చట్రాన్ని విప్పి, వారం తిరిగేలోపు ఇంకోటి చేశాడు, ఆవిడ స్కేలు అడిగి తీసుకుని, దాంతోనే కొలిచి.

రెండూ ముప్పై ఒకటి. పెద్దాయన గోళ్లు అయిపోయాయి, ఇప్పుడు కొలిమిలో బూడిద కెలుకుతున్నాడు. మొహం చూస్తే ఏమీ తెలియదు. నెల రోజుల కిందట కూడా ఇలాగే మొహం పెట్టాడు, గోనెసంచి విప్పి నమూనాలన్నీ ఆయన ముందు పేర్చినప్పుడు. ఒక్కొక్కటీ తీసి చూశాడు, కొలిమిని చూసి ముక్కుతో నవ్వాడు, బండిని చూసి పైకే నవ్వాడు, కొక్కెం దగ్గరికి వచ్చేసరికి బొటనవేలితో కొన తడిమి పక్కన పెట్టేశాడు. "ఇది నిలవదమ్మాయ్." "ఎందుకు నిలవదు బాబాయ్?" "కొన సన్నం. లోహం అక్కడిదాకా రాదు, దారిలోనే గడ్డకడుతుంది. లావు చెయ్యి." "లావు చేస్తే కొక్కెం అవదు, బాతు తల అవుతుంది." "బాతైతే ఏం, గుర్రం ఎటూ కాదుగా." "నేను మార్చను." "నేను పొయ్యను. ముప్పై నాలుగేళ్లలో తెలిసి తెలిసి చెడిపోయేది పొయ్యలేదు, పోయే ముందు పొయ్యను. నీకంత నమ్మకముంటే నువ్వే పోసుకో." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఇద్దరూ అన్నారు, కాకపోతే ఆవిడ కుందేలు వేరు, ఆయన కుందేలు వేరు. ఆ మర్నాడు అన్నాల వేళ ఆయన అట్టముక్క తియ్యలేదు, ఈవిడా అడగలేదు. పదకొండు రోజులు ఆట లేదు. పద్దెనిమిదేళ్లలో జ్వరాలకి కూడా ఆగని ఆట.

ఆ పదకొండు రోజుల్లో ఎన్నోనాడో గానీ, బస్సులో నిలబడి ఉంది. ముందు గుమ్మంలో జనం కిటకిటలాడుతున్నారు, వెనక సగం ఖాళీ. కండక్టరు గొంతు చించుకుంటున్నాడు, వెనక్కి జరగండి, వెనక ఖాళీ ఉంది, జరగండి, ఒక్కడు జరిగితే ఒట్టు. నడిమికి వచ్చి అందరూ ఆగిపోతున్నారు, చివరిదాకా వెళితే మళ్లీ బయటికి రాలేమని భయం. అంతలో ఏదో స్టాపులో వెనక గుమ్మం తెరిచాడు. తెరవగానే జనం వాళ్లంతట వాళ్లే జారుకుంటూ వెనక్కి వచ్చేశారు, దిగేవాళ్లు దిగారు, దిగనివాళ్లు కూడా ఆ ఊపులో చివరి సీటు దాకా వచ్చి ఉన్నారు. కొయ్యక్క పైకడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, తన స్టాపు దాటిపోయింది, ఆ తరవాతి స్టాపూ దాటిపోయింది. కొన దాకా రమ్మంటే రాదు. కొన దాటి పొమ్మనాలి. కొన దగ్గర ఆపకూడదు, కొన అవతల ఇంకో చిన్న చోటు చూపించాలి, అక్కడికి పోతున్నాననుకుని పరుగెత్తే ఇత్తడి దారిలో కొనని నింపుకుంటూ పోతుంది. అంత తేలిక. ఇంటికి రెండు మైళ్లు వెనక్కి నడిచొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని నాలుగు కొక్కేల కొనలకీ సన్నటి మెడతో ఒక్కో శనగగింజంత ముద్ద అతికించింది. పోత అయ్యాక రంపంతో ఆ గింజ కోసేస్తే సరి. మర్నాడు పెద్దాయన చేతిలో పెడితే ఆయన ఆ గింజని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "చూద్దాం" అన్నాడు. నిలవదు నుంచి చూద్దాం దాకా వచ్చాడు, ఆవిడకి ఆ పూట అన్నం సయించలేదు సంతోషంతో.

చూద్దామన్నాడే గానీ పోస్తానన్లేదు, ఆవిడా అడగలేదు. అడిగితే పోసేవాడేమో. కానీ సూపర్వైజరు ముందు నోరు జారింది ఎవరు, రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరిస్తే ఎలా? అన్నాల వేళ ఆట లేదు కాబట్టి ఆ అరగంటా పాత మూసలో నీళ్లు నింపుకుని, పట్టకారుతో ఎత్తి, వరసగా పేర్చిన ఎనిమిది డబ్బాల మూతల్లో వేలెడు కన్నాలు పెట్టి పొయ్యడం మొదలెట్టింది. మొదటిరోజు నీళ్లన్నీ నేల మీద. మూడోరోజు సగం నేల, సగం చీర కుచ్చెళ్లు. ధార తెగకూడదు, తెగితే అక్కడే లోహం అతుకు పడుతుంది, చిందకూడదు, చిందితే కాళ్లు ఉంటాయో ఊడతాయో. నడుం దగ్గర కాదు బలం, మోకాళ్ల దగ్గర, అది ఎవరూ చెప్పలేదు, తెలిసింది. ఎనిమిదో రోజున ఆయన పక్కనుంచి వెళుతూ ఆగాడు, తన బూటు కొనతో ఆవిడ ఎడమ కాలిని జానెడు ముందుకి నెట్టి వెళ్లిపోయాడు. అంతే, ఆ రోజు నుంచి ఒక్క చుక్క నేల పడలేదు. పన్నెండో రోజున ఆవిడ నీళ్లు పోస్తుంటే వెనక అట్టముక్క పరిచిన చప్పుడైంది. "వస్తావా, ఇంకా తోటకి నీళ్లు పెట్టాలా?" అన్నాడు. ఆ ఆట కూడా ఓడిపోయింది, ఓడిపోయినందుకు అంత హాయిగా ఎప్పుడూ లేదు.

రెండూ నలభై ఎనిమిది. ఇంక తప్పదు, ఒకటో పెట్టె వంక చూడాల్సిందే. సన్నవి వేడిగా ఉన్నప్పుడే పొయ్యాలి, లావువి తరవాత, అందుకని కొక్కేల పెట్టె మొదట పెట్టుకుంది. ఇందాక మూస ఎత్తినప్పుడు లోపల ఇత్తడి కాదది, వెలుగు, చూడలేనంత వెలుగు, చేతుల్లో దాని బరువు నీళ్ల బరువులాంటిది కానే కాదు. ఎడమ కాలు ముందుకి. వంచింది. ధార వెళ్లింది, తెగలేదు, గుడుగుడుమని కన్నం తాగేసి నిండింది. కొనల మీద గాలి పోవడానికి సూదితో పొడిచిన నాలుగు బెజ్జాల దగ్గర చూసింది, లోహం లోపలంతా నిండితే అక్కడ చిన్న నీలి మంట వస్తుంది. ఒకటి వచ్చింది. రెండు. మూడు. నాలుగోది రాలేదు. ఆగి చూడ్డానికి లేదు, మూస చల్లారిపోతుంది, రెండో పెట్టె, మూడో పెట్టె, ఎనిమిదింటికీ ధార తెగలేదు, చివరి కొలిమి రాజులకి కూడా ఇత్తడి సరిపోయి ఇంకా దోసెడు మిగిలింది, మూస దింపాక చూస్తే చూడ్డానికి పెద్ద షెడ్డు నుంచి వచ్చి చుట్టూ నిలబడ్డవాళ్లు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. కానీ నాలుగో మంట రాలేదు. పెద్దాయన కూడా చూశాడు, ఆయన కళ్లకి తప్పేదేముంటుంది. ఒక్కటి పోయినా అన్నీ పోయినట్టే. పోతే పోనీ, అనుకుని చూసింది, లోపల్నుంచి ఏదో అడ్డం తిరిగింది, ఎందుకు పోవాలి, ఆర్నెల్లు చెక్కిన చెయ్యి ఇది, ఎనిమిది ధారలు తెగకుండా పోసిన చెయ్యి ఇది, తాళం పడినా పడకపోయినా ఇవాళ వెలుగుని ఎత్తి వంచింది ఈ చెయ్యి, దాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు. తొడల కిందినుంచి చేతులు తీసి చూసుకుంది.

మూడూ పది. సూపర్వైజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, పెద్ద షెడ్డు నుంచి మరో నలుగురు ఆయన భుజాల మీంచి చూస్తున్నారు. ఆవిడ ఎనిమిదో పెట్టె నుంచి మొదలెట్టింది. పైపెట్టె ఎత్తి, కొయ్య సుత్తితో తట్టితే నల్ల ఇసుక జలజలా రాలి, ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడితో రెండు కొలుములు బయటపడ్డాయి, నోరూ మెట్లూ చెక్కు చెదరకుండా. ఏడోది, మూసలు. ఆరోది, పొగగొట్టాలు, నిటారుగా. బండ్లు, ఒక్కో చక్రానికి ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. దిమ్మిసలు మూడు పెట్టెల నిండా, పదహారూ. పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి ఇసుక మీద నిలబెడుతుంటే గుమ్మంలోవాళ్లు లెక్క పైకే అనడం మొదలెట్టారు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది దగ్గర ఆగారు. ఒకటో పెట్టె మిగిలింది. తట్టింది. ఇసుక ఒక్కసారిగా ఊడింది, కొక్కేలు నాలుగూ కిందకి మొహం పెట్టి ఒకే కొమ్మకి గుత్తిలా ఉన్నాయి. పెద్దాయన బకెట్టు మీంచి లేచి వచ్చి, తీగల బ్రష్షు తీసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. తిప్పింది. ఒకటి, కొన ఉంది, గింజ ఉంది. రెండు, ఉంది. మూడు. నాలుగోదాన్ని ఆయన బ్రష్షుతో రుద్దాడు, మళ్లీ రుద్దాడు, తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో కొన మీద నెమ్మదిగా రాశాడు. కొన పూర్తిగా ఉంది, సన్నగా, వంపు తిరిగి, ఆవిడ గీసినట్టే. గింజ మాత్రం సగమే నిండింది. ఇత్తడి కొన దాటింది, గింజలోకి అడుగు పెట్టింది, అక్కడ ఆగిపోయింది.

"సగమే వచ్చింది," అన్నాడు పెద్దాయన. "ఊఁ." "గింజ లేకపోతే ఆ సగం కొనలోనే తక్కువయ్యేది." "లేకపోతే కదా బాబాయ్." ఆయన ఆ కొక్కేన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను లావు చెయ్యమన్నాను కదూ." "అన్నావు." "బాతే అయ్యేది," అన్నాడు, గుమ్మంలోవాళ్లందరికీ వినపడేలా. సూపర్వైజరు వంగి తన వేలితో మొదట్నుంచి లెక్కపెట్టాడు, నమ్మకం కుదరక వెనకనుంచి కూడా లెక్కపెట్టాడు, రెండుసార్లూ ముప్పై రెండే. "సోమవారం ఎనిమిదింటికి వచ్చెయ్యమ్మా," అన్నాడు, "కొయ్య బల్ల దగ్గరికి కాదు, ఇక్కడికే." ఆవిడ సరే సార్ అందో లేదో ఆవిడకే తెలీదు. ఒంట్లో రక్తమంతా నవ్వుతున్నట్టుంది, అరవాలనీ ఉంది, కూర్చోవాలనీ ఉంది. వాళ్లంతా వెళ్లాక గది నిశ్శబ్దమైంది, నేలంతా రాలిన ఇసుక గుట్టలు. ఏం చెయ్యాలో తోచక, తోచనప్పుడు చేతులు చేసే పనే చేస్తూ, మూలనున్న పార అందుకుంది. పెద్దాయన ఆ పార కర్ర పట్టుకున్నాడు. ఎక్కడా రాసి లేని రూలు ఒకటి ఈ గదికి ఉంది, పోత పోసినవాళ్లు ఆ రోజు ఇసుక ఎత్తరు, పక్కన సాయం ఉన్నవాళ్లే ఎత్తాలి. ముప్పై నాలుగేళ్లలో పోత రోజున ఆయన చేతిలో పార చూసినవాళ్లు లేరు. "వదులమ్మాయ్," అన్నాడు. "పోసింది నువ్వు." పార ఆయన చేతిలోకి వెళ్లింది. నడుం వంచి, మొదటి పారెడు ఎత్తి తొట్టిలో వేశాడు, రెండోది వేశాడు. కొయ్యక్క కళ్లు తుడుచుకోకుండానే వెళ్లి స్టూలు మీద కూర్చుంది. కాసేపు చూసింది. తరవాత గొంతు సవరించుకుని, "ఒకటో పెట్టె దగ్గర కాస్త మిగిలింది బాబాయ్," అంది. పెద్దాయన వెనక్కి వెళ్లి అది కూడా ఎత్తాడు.